తన్నుకి పథ్యం

నేను కాళ్ళు ముందుగా పుట్టాను. రెండు రోజులు మా అమ్మని నలిపి, మూడో రోజు కాళ్ళు బయటపెట్టి, ఆవిడని పైకి పంపించి మరీ పుట్టాను. తల్లిని మింగిన పిల్ల అని మా ఊరు దిండిలో ఆడవాళ్ళు నన్ను చూసి మొహం తిప్పుకునేవారట. ఆ తర్వాత వాళ్ళ మొగుళ్ళకి నడుములు పట్టేస్తే నా కాళ్ళు గుర్తొచ్చాయి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు ఆదివారం పూట, పరగడుపున, వీపు మీద మూడుసార్లు తంతే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. అయిదో ఏట నుంచీ తంతున్నాను. తల్లిని మింగిన పిల్ల కాస్తా మాణిక్యమ్మగారు అయింది. జనం సంగతి నాకు అప్పుడే తెలియాల్సింది.

ఇప్పుడు నిజం చెబుతాను. ఆ తన్నులో ఏమీ లేదు.

ఉన్నదంతా మా అమ్మమ్మ సుబ్బమ్మ దగ్గర ఉంది. ఆవిడ ఇంటింటికీ వెళ్ళి పసిపిల్లలకి నీళ్ళు పోసేది. ఏ పిల్ల ఎక్కడ బిగుసుకుందో చెయ్యి వేస్తే చెప్పేది. "పిల్లి నిద్దర్లేచి ఏం చేస్తాదో చూసేవా? ముందు ఒళ్ళు బిగిస్తాది. ఆనక మెల్లిగా వదుల్తాది. చంటిపిల్లలూ అంతే. పెద్దోళ్ళే మర్చిపోయేరు," అనేది. పట్టేసిన నడుం తాడుకి పడ్డ ముడి లాంటిదట. లాగితే బిగుస్తుంది. తాడుని ముడిలోకి కాస్త తోస్తేనే వదులవుతుంది. అంచేత మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, ఊపిరి తీసుకుంటూ నడుం చాప మీంచి అరచెయ్యి మందాన లేపమనేది. ఊపిరి వదులుతూ దించమనేది. దించడం లేపడం కన్నా రెండింతలు నిదానం. తర్వాత పక్కకి తిప్పి, తుంటిని పక్కటెముకల వైపు లాక్కుని, మెల్లగా వదలమనేది. నొప్పి గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగిపోవాలి, లోపలికి అడుగు పెట్టకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడు వారాల్లో ఎంత మొద్దు నడుమైనా తిరిగేది.

కానీ ఎవరు చేస్తారు? "చంటిపిల్లల్లా దొర్లమంటావేంటి సుబ్బమ్మా," అని నవ్వి పోయేవారు. అప్పుడు అమ్మమ్మకి నా కాళ్ళు పనికొచ్చాయి. ముందు నా చేత మూడుసార్లు తన్నించేది. తన్నడమంటే అరికాలు ఆనించడమే. ఆపైన, "తన్నుకి పథ్యం ఉందండీ. మూడు వారాలు ఇలా దొర్లకపోతే తన్ను ఎదురు తిరుగుతాది," అని భయపెట్టేది. మందు మానేసినా పథ్యం మానని జాతి మనది. బుద్ధిగా దొర్లేవారు, బాగయ్యేవారు. పేరు మాత్రం నా కాలికి వచ్చేది. అమ్మమ్మ పోయాక నేనూ అదే అబద్ధం చెప్పాను. ఇరవయ్యేళ్ళు చెప్పాను. తప్పేముంది, బాగవుతున్నారుగా అనుకున్నాను.

నా మొగుడు పోలిరాజు గెడ మనిషి. పడవ ముందు కొసన నిలబడి, వెదురు గెడ నీళ్ళడుక్కి దించి, దాని పైకొన కుడి భుజం గుంటలో ఆనించుకుని, ఒళ్ళంతా వంచి తోసుకుంటూ వెనక్కి నడవాలి. మళ్ళీ ముందుకి రావాలి. పన్నెండో ఏట నుంచీ అదే పని. ధవళేశ్వరం దగ్గర గోదారికి అడ్డంగా ఆనకట్ట కడుతున్న రోజులవి. సున్నానికి గుల్ల కావాలి, గుల్ల మా సముద్రపు ఒడ్డున ఉంది. పడవలకి తెరిపి లేదు. ఆ వేసవిలో ఎదురు నీటికి గుల్ల మోసి మోసి, ఒకరోజు కుడి చంక కింద నుంచి తుంటి దాకా బిగుసుకుపోయి వచ్చాడు. మనిషి ఒక పక్కకి ఒరిగిపోయాడు. నిండా ఊపిరి తీసుకోలేడు. తుమ్ము వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

వెనకే సరంగు ముత్యాలరాజు వచ్చాడు. పడవ మీద పెత్తనం ఆయనది.

"అమ్మా, పున్నమికి మళ్ళీ బయల్దేరాలండి. తొమ్మిది రోజులుంది. ఈలోగా లేస్తే సరే. లేకపోతే గెడకి వేరే మనిషిని చూసుకుంటాను. ఏమీ అనుకోకండి," అన్నాడు.

పోలిరాజు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గెడ పోతే ఆ మనిషికి ఇంకేం లేదు. వల వేయడం రాదు, అరక పట్టడం రాదు. పడవ మీద తన చోటు ఇంకొకడికి ఇవ్వడం కంటే చావు నయమని నాతో అన్నాడు. ఉత్తినే అనలేదు.

ఆ సాయంత్రమే చాప పరిచాను. "మావా, పడుకో. నేను చెప్పినట్టు చెయ్యి," అన్నాను. చేశాడు. నా అరచెయ్యి ఆయన నడుం కింద పెట్టి, లేపమన్నాను, దించమన్నాను. మొదట చెక్కలా ఉంది. పదోసారికో పన్నెండోసారికో పక్కటెముకల సందున ఏదో సడలింది. ఊపిరి కడుపు దాకా దిగింది. ఆయన కళ్ళు తెరిచి నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. నాకు ఏడుపొచ్చింది. తొమ్మిది రోజులు చాలు, నిలబెట్టేస్తాను అనుకున్నాను.

మూడో రోజుకి ఊరంతా తెలిసిపోయింది. పడవ వాళ్ళు గుమ్మంలో నిలబడి చూశారు. గెడ వేసే మొనగాడు చాప మీద తుంటి ఎగరేస్తుంటే నవ్వక ఏం చేస్తారు. "ఏరా పోలిరాజూ, బోర్లా పడ్డం వచ్చిందా? బొబ్బట్లు పంచుతారా?" అన్నాడొకడు. మా అత్త నూకాలమ్మ చెవులు మూసుకుంది గానీ నోరు మూసుకోలేదు. "తన్ను లేకుండా పథ్యమేంటే? మందేసుకోకుండా పథ్యం చేస్తే ఎక్కడైనా రోగం పోతాదా?" అంది. ఆ మాట పోలిరాజు పట్టుకున్నాడు.

"అవును మాణిక్యం. ఊరందరినీ ముందు తన్ని కదా ఇది చేయిస్తావు. నాకు తన్నేది?"

"నిన్నెలా తంతాను మావా?"

"అదీ నిజమేలే," అన్నాడు.

మొగుణ్ణి కాలితో తన్నిన ఆడదానికి ఏడు జన్మలకీ కళ్ళుండవని మా అత్త అప్పటికే రెండుసార్లు వినిపించింది. తన్నే మనిషి ఇంట్లోనే ఉంది, తన్నకూడదు. పెరటి చెట్టు మందుకి రాదంటే ఇదే కాబోలు.

ఆ రోజు నేను నిజం చెప్పేశాను. తన్ను ఉత్తిదని, పథ్యమే మందని, అమ్మమ్మ నాటి నుంచీ జనాన్ని మాయచేసి బాగుచేస్తున్నామని అంతా చెప్పాను. ఆయన విని, నా తల నిమిరి, "నన్ను ఓదార్చడానికి నీ మహిమనే కాదంటున్నావా," అన్నాడు. ఇరవయ్యేళ్ళు నేను కట్టిన గోడ అది. నా తలే దానికి కొట్టుకుంది.

అప్పటి నుంచి దొర్లడం మానేశాడు. నేను చాప పరిస్తే చుట్టి గోడకి ఆనించేవాడు. సడలిన పక్క మళ్ళీ బిగిసింది.

పున్నమికి మూడు రోజులుందనగా ఆదివారం వచ్చింది. అత్త చేపలమ్మడానికి రాజోలు వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. పోలిరాజు తలుపు దగ్గరగా వేసి, తూర్పుకి తిరిగి కూర్చుని, వీపు నాకు పెట్టాడు.

"మాణిక్యం, ఎవరూ లేరు. మూడు తన్ను. పాపమైతే నాకు రానీ, అడిగింది నేను. ఆనక నువ్వు చెప్పినట్టల్లా దొర్లుతాను. ఒట్టు."

అంతే కావలసింది. మూడుసార్లు అరికాలు ఆనిస్తే చాలు. ఎంతమంది వీపుల మీద వేశానో లెక్కలేని కాలు అది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కాలు లేపాను కూడా. ఆ వీపు చూశాను. గెడ ఒరిపిడికి కుడి భుజం గుంటలో కాయ కాసి నల్లగా ఉంది. లేపిన కాలు దించేశాను.

పాపభయం అని అందరికీ చెప్పాను. మా అత్తకీ చెప్పాను, దేవుడికీ చెప్పాను. కాదు. నాకు కోపం వచ్చింది. ఊరూ నాడూ నా కాలిని నమ్మింది, ఒక్కరూ నా మాట నమ్మలేదు. మొగుడొక్కడైనా మాట నమ్మి బాగుపడాలని పంతం పట్టాను. "నేను తన్నను మావా. తన్నులో ఏమీ లేదని చెప్పేను కదా. నమ్మితే చాప మీద పడుకో," అన్నాను.

ఆయన నెమ్మదిగా లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎడమ చేత్తో కుడి చెయ్యిని పట్టుకుని చొక్కాలోకి తోసుకున్నాడు. నేను సాయం చెయ్యలేదు.

నేను కాలవకి నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. పడవ వాళ్ళు ఇద్దరు ఆయన్ని మామిడికుదురు తీసుకెళ్ళారు. అక్కడ సత్తిరాజు అని ఇంకో ఎదురుకాళ్ళ మనిషి ఉన్నాడు. కొబ్బరి దింపు తీసేవాడు, ఏనుగు పిక్కలు. వాడికి మా అమ్మమ్మ లాంటివాళ్ళు ఎవరూ లేరు. తన్నంటే తన్నే అనుకున్నాడు పాపం. పడుచువాళ్ళని కూర్చోబెట్టి తన్నేవాడు, మొండి నొప్పులకి బోర్లా పడుకోబెట్టి మడమతో తొక్కేవాడు.

సాయంత్రానికి తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. సత్తిరాజు కూడా వెంట వచ్చాడు.

"రెండు తన్నులకీ ఏం కాలేదండి. మూడోది గట్టిగా తన్నమని ఆయనే అడిగేరండి. మా ఆవిడ తన్నలేదు, దాని వాటా కూడా నువ్వే తన్నెయ్ అన్నేరండి. టప్పుమని చప్పుడైంది. వదిలేసిందనుకున్నానండి," అన్నాడు.

వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను. నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. ఆ రోజు వాణ్ణి తిట్టకుండా తలుపు చెక్క కొస పట్టుకున్నాను. వాడు నమ్మింది నా అబద్ధమేగా.

నడుం దగ్గర ఎముక విరిగింది. అక్కణ్ణించి కిందంతా చచ్చిపోయింది, గిల్లినా తెలియదు. పున్నమికి పడవ వెళ్ళింది, గెడ మీద వేరే కుర్రాడు వెళ్ళాడు. మా అత్త, మొగుణ్ణి తంతే కళ్ళు పోతాయన్న మా అత్త, నట్టింట్లో కూర్చుని శోకాలు పెట్టింది. "చచ్చినదానా, నువ్వే మూడు తన్నుంటే నా కొడుకు నడిచేవాడు కదే," అంది. అదొక్కటే ఆవిడ నన్ను అన్నవాటిలో న్యాయమైన మాట.

నాలుగు నెలలైంది. రోజూ పొద్దునా సాయంత్రం నేనే ఆయన్ని పక్కకి తిప్పుతాను. పక్కటెముకల మీద చెయ్యి వేసి, ఊపిరితో పాటు లేపి, ఊపిరితో పాటు దించుతాను. పై సగం ఇప్పుడు మెత్తగా ఉంది. నిండా ఊపిరి తీసుకుంటాడు. ఏ నొప్పి కోసం అంత దూరం వెళ్ళాడో ఆ నొప్పి పోయింది. మూడు వారాలే పట్టింది. ఎవరికి చెప్పుకోను.

జనం రావడం మానలేదు. ఇంకా ఎక్కువయ్యారు. మాణిక్యమ్మగారు తన్నకపోతే ఏమవుతుందో చూశారుగా. మొన్న ఆదివారం ఆలమూరు నుంచి ఒక రైతు వచ్చాడు. నడుం వంగిపోయి బండి దిగాడు. ఇంక ఈ అబద్ధం నావల్ల కాదనుకున్నాను.

"బాబూ, తన్నులో ఏమీ లేదు. అదిగో, ఆ చాప మీద పడుకుని నేను చెప్పినట్టు కదిలితే బాగవుతావు," అన్నాను.

"ఆయ్, అలాగేనండి. ముందు తన్నండమ్మా," అన్నాడు. తూర్పుకి తిరిగి కూర్చున్నాడు.

మళ్ళీ చెప్పాను. కేకలేశాను. ఆయన చేతులు కట్టుకుని, "మీ కష్టం తెలుసండి. ఇంటాయన అలా అయ్యేక తన్నడానికి మనసు రాదండి. కానీ చాలా దూరం నుంచి వచ్చేనండి," అన్నాడు. కదలడు. లేచి పోతే ఏ సత్తిరాజు దగ్గరికి పోతాడో. అరికాలు మూడుసార్లు ఆనించాను. పథ్యం చెప్పాను. బుద్ధిగా పడుకుని చేశాడు. పొద్దెక్కేసరికి కాస్త నిటారుగా లేచి, నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పోలిరాజు మంచం మీంచి అంతా చూశాడు. బండి చప్పుడు దూరమయ్యాక అన్నాడు.

"మాణిక్యం. నన్ను గోడ వైపు తిప్పు."

తిప్పాను.

"ఇయ్యాల ఆదివారమే కదా. నేనూ ఏం తినలేదు. నన్నూ తన్నవే."

ఈసారి వాదించలేదు. అత్త గుమ్మంలోనే ఉంది, చూస్తే చూడనీ అనుకున్నాను. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నాను. విరిగిన చోటు తప్పించి, నడుం కింద, అందరికీ వేసినంత మెత్తగానే అరికాలు ఆనించాను. ఒకటి. రెండు. మూడు. కాలు దించి, పక్కనే నిలబడ్డాను.

ఆయన గోడకేసి చూస్తూ కాసేపు ఎదురుచూశాడు.

"ఊఁ, తన్నవేమే?" అన్నాడు.