పేరు పలికించారు

పెళ్ళయి ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచీ మామగారి పేరు నేను పలకలేదు. మాలో కోడళ్ళెవరూ మామ పేరు పలకరు. ఆయన పేరులో, మా భాషలో రాయి అని అర్థమొచ్చే మాట ఉంది కాబట్టి పెరట్లో రాయిని కూడా 'గట్టిది' అనేదాన్ని. "గట్టిది తగిలి గోరు ఊడింది మామయ్యా" అంటే ఆయన పడీ పడీ నవ్వేవారు. నా భర్త పోయాక, పక్షవాతంతో మంచాన పడ్డ ఆ మనిషికి గుర్రపు పాలు పట్టిందీ, ఒళ్ళు తుడిచిందీ నేనే. అందుకే ఆయన ఇల్లు నా పేర వీలునామా రాసి పోయారు.

ఆ వీలునామా పట్టుకుని నోటరీ దగ్గరికి వెళ్తే ఆవిడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఇంటి కాగితం సోవియట్ కాలం నాటిది. అందులో ఆయన ఇంటిపేరు చివర 'ఓవ్' ఉంది. తర్వాత మావాళ్ళు చాలామంది చేసినట్టే ఆయనా ఆ రష్యా తోక కోసేసి, ఫలానావారి కొడుకు అని పాస్‌పోర్టులో మార్పించుకున్నారు. మరణ పత్రంలోనూ వీలునామాలోనూ ఆ కొత్త పేరే ఉంది.

"వీళ్ళిద్దరూ వేరే వేరే మనుషులక్కా," అంది నోటరీ.

"ఇద్దరెక్కడమ్మా! ఉన్నది ఒక్క ముసలాయన. ఆయన్నీ పూడ్చిపెట్టి వచ్చాం."

"ఆ మాట కోర్టు చెప్పాలి."

ఇద్దరూ ఒకరేనని రుజువు కాకపోతే వీలునామా చిత్తు కాగితం, ఇల్లు మరిది పాలు. మరిది ఎర్మెక్ రాజధాని బిష్కెక్‌లో ఉంటాడు. తండ్రి మంచాన ఉన్నన్నాళ్ళూ మొహం చూపించలేదు. విచారణకి మాత్రం తోలు కోటు వేసుకుని అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

జడ్జి చిన్న వయసు పిల్ల, పట్నంలో పెరిగినట్టుంది.

"మీ మామగారి పూర్తి పేరు చెప్పండి."

"కాగితంలో ఉంది కదమ్మా," అన్నాను.

"రికార్డు కోసం. మీ నోటితోనే చెప్పాలి."

ఎర్మెక్ లేచాడు. "చూశారా మేడం! ఈవిడకి పేరు కూడా తెలీదు. సేవ చేసిందట, సేవ! ఎవడో ముసలాడితో సంతకం పెట్టించుకొచ్చుంటుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడికి తెలియదా? వాడి కన్నతల్లి తన మామ పేరు పలక్కుండానే పోయింది. వాడి పెళ్ళాం ఇప్పటికీ పలకదు. తెలిసే అన్నాడు, వెధవ. నేను ఆయనకిచ్చిన మర్యాదనే నా మెడకి ఉరితాడు చేశాడు.

"తాష్తాన్‌బెక్!" అని అరిచాను. "తాష్తాన్‌బెక్ అసానోవ్! తాష్తాన్‌బెక్, అసాన్ కొడుకు! రెండూ ఆయనే. రాసుకో తల్లీ!"

వెనక బెంచీలో ఎవరో ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మైకులో సరిగ్గా పడలేదు," అంది జడ్జి. "ఇంకోసారి చెప్పండి."

ఏడుస్తూ ఇంకోసారి చెప్పాను.

తర్వాత మా పక్కింటివాళ్ళు కూడా సాక్ష్యం చెప్పారు. ఇద్దరూ ఒక్కరేనని తీర్పిచ్చారు. బయటికొస్తుంటే ఎర్మెక్ వరండాలో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం వదినా, నోరు బాగానే తిరిగిందే! మామని పేరు పెట్టి అరిచావని ఊళ్ళో తెలిస్తే ఏమంటారో?"

"తెలియనీ. నేనే చెప్తా. నా చేత ఎవడు పలికించాడో కూడా చెప్తా. అప్పుడు చూద్దాం ఎవరి మొహాన ఉమ్మేస్తారో."

వాడు తప్పుకున్నాడు. నేను బస్సెక్కి ఇంటికొచ్చాను. తలుపు తీసి, ఆయన ఖాళీ మంచం దగ్గర నిలబడి, "మామయ్యా, ఇల్లు దక్కింది" అని చెబుదామనుకున్నాను.

నోరు తెరిస్తే ఆయన పేరే వచ్చింది.