ముందు లేచే చెయ్యి

ఫోన్ తెర మీద, కదులుతున్న రాయికి తగిలిన ఆ బూటు తనది కాదనీ, తన భర్త స్ట్రూవన్‌దనీ గుర్తుపట్టేసరికి మోర్వెన్ చేతిలోని ఇస్త్రీపెట్టె జాతీయ జట్టు చొక్కా మీద అలాగే ఆగిపోయింది.

కాలిన వాసన వచ్చాక గానీ తీయలేదు. నీలం చొక్కా. వీపు మీద తెల్లటి అక్షరాల్లో స్కాట్లండ్. చివరి అక్షరం కింద గోధుమరంగు మచ్చ. దాన్ని వేలితో తడిమింది. తర్వాత ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ చూసింది.

అనుమానం లేదు. బూటు ముక్కుకు ఎర్ర పూత. రాయి విసిరేటప్పుడు వెనక కాలు మంచు మీద ఈడ్చుకుంటూ వస్తుంది కాబట్టి ముక్కు అరిగిపోతుంది. అరక్కుండా పూత వేస్తారు. తన బూట్లకు నల్లది. అతని బూట్లకు ఎర్రది. ఆ ఎర్ర పూత వేసింది తనే. ఇదే వంటింటి బల్ల మీద, పాత పేపరు పరిచి, రెండుసార్లు ఆరబెట్టి మరీ వేసింది.

నిరుడు వసంతంలో జరిగిన ప్రపంచ పోటీలవి. ఒక ఆడ, ఒక మగ జంటగా ఆడే కర్లింగ్. గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడిచి, దాని ముందు బ్రష్‌లతో మంచును రుద్దుతూ అవతలి కొసనున్న వలయాల దాకా తీసుకెళ్లే ఆట. వాళ్లుండే గాలోవే ప్రాంతంలో పాడి ఆవులున్న ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఆడతారు. స్ట్రూవన్, మోర్వెన్ మాత్రం దేశం తరఫున ఆడారు. కాంస్యం కోసం స్వీడన్ జంటతో పోటీ. ఆఖరి రాయి మోర్వెన్‌ది. అది నడిమి వలయంలో ఆగితే పతకం స్కాట్లండ్‌ది. రాయి వదిలి, లేచి, దాని వెంటే పరిగెత్తుతూ మంచు రుద్దింది. ఎదురుగా వచ్చిన స్ట్రూవన్ కూడా రుద్దుతున్నాడు. ఉన్నట్టుండి అతను అరిచాడు. "మోర్వెన్! తగిలింది!"

ఈ ఆటలో అంపైర్ వేలెత్తి చూపడు. కదిలే రాయికి బ్రష్షో బూటో తగిలితే, తగిలించినవాళ్లే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. అవతలి జట్టువాళ్లు చూసినా నోరెత్తరు, చెప్పేదాకా ఆగుతారు. పిల్లలకు రాయి పట్టుకోవడం కంటే ముందు నేర్పేది ఇదే. మోర్వెన్ చెయ్యెత్తింది. వంగి, తన రాయిని తన చేత్తోనే ఆపి, పక్కకు నెట్టేసింది. స్కాట్లండ్‌కు నాలుగో స్థానం.

టీవీ కెమెరా అటువైపు ఉంది. అందులో కనిపించింది ఆమె వీపు, ఆమె బ్రష్, లేచిన ఆమె చెయ్యి. ఈ వీడియో ఎవరో ప్రేక్షకుడు ఇటువైపు కుర్చీలో కూర్చుని ఫోన్‌తో తీసుకున్నది. వణుకుతూ ఉంది, మధ్యలో ఎవరిదో టోపీ అడ్డం వచ్చింది. కానీ బూటు కనిపిస్తోంది. ఇంకొకటి కూడా కనిపిస్తోంది. బూటు తగలగానే స్ట్రూవన్ కుడిచెయ్యి మోచేతి దాకా లేచింది. ఆగింది. మళ్లీ బ్రష్ మీదికి దిగిపోయింది. అదేమిటో ఆమెకు అర్థం కాలేదు.

ఏడాదిగా ఆ ఒక్క క్షణాన్ని ఆమె ఎన్నిసార్లు తిరగేసిందో లెక్కలేదు. పాలు పితికేటప్పుడు, పక్కల దుప్పట్లు మార్చేటప్పుడు, అత్తగారి మోకాళ్లకు మందు రాసేటప్పుడు. ఎక్కడ తగిలింది? బ్రష్ ఎడమ అంచా, తన కాలా? చేతికి ఏమీ తెలియలేదే? తెలియకపోవడమే తన తప్పనుకుంది. అంత పరధ్యానంగా ఎలా ఉన్నానని తనను తానే తిట్టుకుంది. అత్తగారు ఇష్‌బెల్ ఆ తిట్లకు కొరత రానివ్వలేదు. "ఇన్నేళ్లుగా ఈ వంటిల్లు ఊడుస్తున్నాను, బల్లకాలికి చీపురు తగలనిచ్చి ఎరగను. ఒక్క రాయి ముందు ఊడవడానికి దీనికి చేతకాలేదు." చర్చిలో ఎవరో పలకరిస్తే, "మావాడు ఆ ఆటకి ప్రాణం పెట్టాడు పాపం" అనేది, కోడలు పక్కనే నిలబడి ఉండగా. అవన్నీ మోర్వెన్ భరించింది. భరించలేనిది ఇప్పుడు గుర్తొస్తోంది. అలా అన్నప్పుడల్లా స్ట్రూవన్ తల్లిని మందలించేవాడు. "పోనీలే అమ్మా, దాన్నేమీ అనకు. ఎవరికైనా జరుగుతుంది." ఆ మాటకు మోర్వెన్ కళ్లు చెమర్చేవి. ఎంత మంచివాడనుకునేది. ఆ మంచితనానికి బదులుగా అతని వంతు తెల్లవారుజాము పాలు కూడా తనే పితికింది. అతను ప్రాక్టీసుకు వెళ్తే దూడల పని తనే చూసింది. అతను జట్టును ఎంపిక చేసేవాళ్లతో "మోర్వెన్‌కి ఇక గుండె ధైర్యం చాలదు" అని చెప్పి వచ్చి, "నీ మంచికే చెప్పాను" అంటే, నిజమేననుకుని తల ఊపింది. ఇప్పుడు ఆటలో అతని జంట రోనా. ఎల్లుండి ఇద్దరూ ఈ ఏటి ప్రపంచ పోటీలకు బయల్దేరుతున్నారు. అతను వేసుకెళ్లే చొక్కానే ఆమె ఇస్త్రీ చేస్తోంది.

అసలు ఆ వీడియో వెతకడానికి కారణం ఊళ్లోని కర్లింగ్ క్లబ్బు పెద్ద డూగల్. ఈ సాయంత్రం అక్కడ వీడ్కోలు టీ. "అమ్మా మోర్వెన్, పిల్లలకు ఆ రోజు సంగతి నీ నోటితో చెప్పు. నిజాయితీ అంటే ఏమిటో వాళ్లకు తెలియాలి" అన్నాడు. పిల్లలకు చూపించడానికి మంచి ముక్క ఏదైనా దొరుకుతుందేమోనని ఇంటర్నెట్‌లో వెతికింది. దొరికింది.

ఆమె పొయ్యి దగ్గర కూలబడింది. ఎవరి బూటు తగిలినా ఆ రాయి పోయేదే. పతకమూ పోయేదే. ఆటలో ఏమీ మారదు. మారేది ఒక్క పేరు. ఆ ఒక్క పేరు స్ట్రూవన్‌ది కాకుండా ఉండడం కోసం అతను ఏడాది పాటు తన పక్కన పడుకుని, తన చేతి సూపు తాగి, తనను క్షమిస్తూ బతికాడు.

అడగవచ్చు. ఫోన్ ముఖాన పెట్టి అడగవచ్చు. కానీ ఆమె ఆ ఆటలో పుట్టి పెరిగిన మనిషి. తగిలించినవాడు తనంతట తాను చెప్పాలి. పదిమందిలో అవకాశం ఇస్తాను, చెప్తాడు అనుకుంది. చెప్తే చాలు. క్షమాపణ కూడా అక్కర్లేదు. ఈ ఒక్క తప్పు నాది కాదని అతని నోటితో వింటే చాలు.

"అమ్మాయ్, ఆ కాలిన కంపేమిటి?" అత్తగారి గొంతు ముందుగదిలోంచి వచ్చింది.

"ఏం లేదు అత్తయ్యా" అంది మోర్వెన్. చొక్కా మడిచి, మచ్చ లోపలికి పెట్టింది.

* * *

క్లబ్బు పై అంతస్తులో అద్దాల గోడ. కింద ఆట ఆడే మంచు రింకు కనిపిస్తుంది. గోడ మీద ఫ్రేములో పత్రికలో వచ్చిన ఫొటో. మోర్వెన్, లేచిన చెయ్యి. కింద "ఓడి గెలిచిన మనిషి" అని రాసి ఉంది. ఆ పటం కిందే ఆమె టీ కప్పులు సర్దింది, తను కాల్చి తెచ్చిన స్కోన్ రొట్టెలకు వెన్న రాసింది. ఓడి గెలిచిన మనిషి ఇక్కడికి ఎప్పుడు వచ్చినా చేసే పని అదే.

"రోనా, జాగ్రత్తమ్మా!" ఎవరో పెద్దాయన నవ్వుతూ కేకేశాడు. "మా స్ట్రూవన్ రాళ్లకు బ్రష్ తగిలించకు!"

"ఊరుకోండి" అంది రోనా, మోర్వెన్ వైపు ఇబ్బందిగా చూస్తూ.

స్ట్రూవన్ నవ్వాడు. అందరికంటే కాస్త గట్టిగానే నవ్వాడు.

డూగల్ గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. పిల్లలు నేల మీద కూర్చున్నారు. మోర్వెన్ నిలబడింది. ఫోన్ కోటు జేబులో ఉంది.

"కదిలే రాయికి తగిలితే ఏం చేయాలి?"

"చెయ్యెత్తాలి ఆంటీ!" పిల్లలంతా ఒక్కసారి అరిచి చేతులెత్తారు. పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఎవరు ఎత్తాలి?"

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "తగిలించినవాళ్లు" అంది వెనకనుంచి ఒక అమ్మాయి, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"ఆ రోజు నేను చెయ్యెత్తాను. చూడకుండా ఎత్తాను. అందుకని మీకు ఒకటి చెప్తాను. ముఖ్యంగా ఆడపిల్లలకు. చెయ్యెత్తే ముందు ఒక్కసారి కిందికి చూడండి. అక్కడున్నది ఎవరి బూటో చూడండి."

డూగల్ కళ్లజోడు సర్దుకున్నాడు. మోర్వెన్ భర్త వైపు తిరిగింది. "నువ్వేమైనా చెప్తావా స్ట్రూవన్? ఆ రోజు నా పక్కనున్నది నువ్వే కదా."

అతని ముఖంలో రంగు మారింది. ఆమెకు తెలిసిపోయిందని గ్రహించాడు. అది ఆమెకు స్పష్టంగా కనిపించింది. ఆమె ఎదురుచూసింది. ఆటలో ఎలా ఎదురుచూస్తారో అలాగే, నోరు విప్పకుండా, చేతులు కట్టుకుని.

"ఏముంది చెప్పడానికి?" అన్నాడు స్ట్రూవన్, కప్పు పైకెత్తి. "ఇంట్లో మాట్లాడేది మా ఆవిడే. ఇక్కడ కూడా నన్ను మాట్లాడనిస్తే రేపు నాకు టిఫిన్ ఉండదు."

గది ఘొల్లుమంది. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పిల్లలు స్కోన్ల బల్ల వైపు పరుగెత్తారు.

మోర్వెన్ కూర్చుంది. జేబులో ఫోన్ బరువుగా ఉంది. తీసి చూపించవచ్చు. చూపిస్తే ఏమవుతుంది? భర్త పరువు తీసిన ఆడదవుతుంది. పోటీకి రెండు రోజుల ముందు జట్టును దెబ్బతీసిన ఆడదవుతుంది. రోనా ప్రయాణం చెడగొట్టిన ఆడదవుతుంది. ఆ తప్పు కూడా తనదే అవుతుంది. ఎటు తిరిగినా తప్పు ఒకే ఇంటికి వచ్చి చేరుతోంది. ఎదురుగా గోడ మీద తన చెయ్యి లేచే ఉంది. ఏడాదిగా ఈ ఊరు ఆమెకు మిగిల్చిన గౌరవం అదొక్కటే. అది నిజాయితీ కాదని, అలవాటని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ పోటీలకు ముందటి చలికాలంలో దూడల గేటు ఎవరో తీసి వదిలేస్తే దూడలు రోడ్డెక్కాయి, ఒకదాని కాలు విరిగింది. "ఎవరి పని?" అని అత్తగారు ఇల్లెగిరిపోయేలా అరిచింది. "నేనేనేమో అత్తయ్యా" అంది మోర్వెన్, గొడవ ఆగిపోతుందని. గేటు వేసినట్టు ఆమెకు బాగా గుర్తుంది. అయినా అనేసింది. కప్పు పగిలినా, బిల్లు కట్టడం మరిచిపోయినా, కారులో పెట్రోలు అయిపోయినా అంతే. నేనేనేమో. ఎన్నేళ్లుగా అంటోందో. మంచు మీద లేచిన చెయ్యి ఆ వంటింట్లో తయారైన చెయ్యి.

* * *

ఇంటికి వస్తుంటే కారులో ఇష్‌బెల్ ఒక్కమాట అంది. "పిల్లల ముందు ఆ వెటకారం ఎందుకు అమ్మాయ్?" ఇంట్లోకి రాగానే తన గదిలోకి వెళ్లిపోయింది.

స్ట్రూవన్ వంటింటి బల్ల మీద సంచి తెరిచి బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. వాన కిటికీని కొడుతోంది. మోర్వెన్ గిన్నెలు కడుగుతోంది. చొక్కా విప్పి చూసిన చప్పుడు, ఆ తర్వాత అతని గొంతు.

"ఇదేమిటి? కాలిపోయిందే! ఎవరి పని ఇది?"

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది. వెంటనే జవాబు ఇవ్వలేదు. అతను చొక్కా పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, ఎప్పటిలాగే, జవాబు వస్తుందన్న నమ్మకంతో.

"నాదే" అంది మోర్వెన్. "ఇది మాత్రం నిజంగా నాదే."

ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, వీడియో నొక్కింది. అతను చూడలేదు. చూడాల్సిన అవసరం అతనికి లేదు. చొక్కాను సంచి మీద పడేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వీడియోలో జనం అరుస్తున్నారు. అతని గొంతు, "మోర్వెన్! తగిలింది!" అని చిన్నగా వినిపించి ఆగిపోయింది.

"నీకు తగిలిందని నేను అనలేదు" అన్నాడు చివరికి. "రుద్దడం ఆపమని నీ పేరు పిలిచాను. తగిలింది అన్నాను. అంతే."

ఆమె నిలబడే ఉంది. అడగాల్సినవన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "ఆ రాయి చేరేదా?"

అతను బల్ల వైపు చూశాడు. "చేరేది. సరిగ్గా మధ్యలోకి. అంత చక్కటి రాయి నువ్వు ఎప్పుడూ వేయలేదు."

మోర్వెన్ ఫోన్ వైపు వేలు చూపింది.

"మరి నీ చెయ్యి? సగం లేచింది. ఎందుకు దించావు?"

స్ట్రూవన్ ముఖం రుద్దుకున్నాడు. మాట్లాడినప్పుడు అతని గొంతులో కోపం లేదు, భయమూ లేదు. ఎప్పుడో చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నవాడి అలసట మాత్రం ఉంది.

"ఎత్తబోయాను మోర్వెన్, ఒట్టు. కానీ ఆ క్షణంలో గేటు గుర్తొచ్చింది. ఆ దూడల గేటు తీసి మరిచిపోయింది నేనే. అమ్మ అరుస్తుంటే చెప్దామనే నోరు తెరిచాను, ఈలోపు నువ్వు 'నేనేనేమో' అన్నావు. అప్పుడే తెలిసింది నాకు. నేను కాస్త ఆగితే చాలు, నీ చెయ్యే ముందు లేస్తుందని."