వేరు పొయ్యి

నలభై రెండు ఫారాల్లోనూ ఒకే జవాబు కనబడేసరికి ప్రిస్కిల్లాకు అనుమానం వచ్చింది. వంట ఎవరితో కలిసి చేసుకుంటారన్న ప్రశ్నకు ప్రతి ఆడమనిషీ "మాది ఏరు పొయ్యి" అనే చెప్పిందట. అన్ని ఇళ్లలో ఒక్క ఇంట్లోనైనా అత్తాకోడళ్లు కలిసి వండుకోరా?

ప్రిస్కిల్లా శ్రీకాకుళంలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతుంది. రిజర్వాయరు కింద ఊళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్ల బతుకుల మీద ఇరవై ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. ఆ పనితోనే డాక్టరేటూ వచ్చింది, పేరూ వచ్చింది. ఇప్పుడు ఫారాలు నింపి తెచ్చే కూర్మమ్మ, కోటబొమ్మాళి దగ్గరి పునరావాస కాలనీలోనే ఉంటుంది. గడప దాటకుండా ఇంట్లో కూర్చుని రాసేసి ఉంటుందని ప్రిస్కిల్లా అనుకుంది. చేతిరాత చూసింది, తేదీలు సరిపోల్చింది. చివరికి పిలిచి అడిగితే, "ఆళ్లు సెప్పిందే రాసినాను మేడమ్" అని కూర్మమ్మ తల దించుకుంది. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కాలనీకి వెళ్లింది. మొదటి ఇంట్లో ఒక్కటే స్టవ్వు. దాని ముందు అత్తా కోడలూ వంకాయలు తరుగుతూ కూడా తమది వేరు పొయ్యే అన్నారు. తర్వాతి రెండిళ్లలోనూ అంతే. కూర్మమ్మే ముందుగా ఫోన్లు చేసి నేర్పిందనుకుంది ప్రిస్కిల్లా.

వీధి చివర తవిటమ్మ ఇల్లు. పదేళ్ల కిందట పాత ఊళ్లో ప్రిస్కిల్లాకు అన్నం పెట్టిన ముసలామె. ఈసారి కూర్చోమని కూడా అనలేదు. తన మీద కోపమెందుకని ప్రిస్కిల్లా అడిగింది.

"అప్పుడు నువ్వడిగితే నా కోడలూ నేనూ ఒక్క పొయ్యి మీదే వండుకుంటామని మురిసిపోయి సెప్పినాను. నువ్వు పుస్తకంలో రాసినావు. ఆఫీసరు ఆ పేజీ సూపించి, ఒక్క పొయ్యంటే ఒక్క కుటుంబమే కదా అని నాకూ నా కొడుక్కీ కలిపి ఒక్క ఇంటి స్థలమే ఇచ్చినాడు. కూర్మమ్మోళ్లకీ అంతే. మల్లీ అదే అడగతన్నావు. ఏటి సెప్పమంటావు?"

 ప్రిస్కిల్లా పుస్తకంలో అందరూ మెచ్చుకున్న అధ్యాయం అదే. ఆడవాళ్లు కష్టంలో ఎలా కలిసి ఉన్నారో చెప్పడానికి రాసింది. దాన్ని ఎవరు ఎందుకు చదువుతారో ఎన్నడూ ఆలోచించలేదు.

తిరిగి వచ్చి కూర్మమ్మను క్షమించమని అడిగింది. ఈ జవాబులు లెక్కలోకి రావనీ, కారణం తన పాత పుస్తకమేననీ, పొయ్యిని బట్టి కుటుంబాన్ని లెక్కించడం తప్పనీ నివేదిక రాసింది. స్థలాలు మళ్లీ పరిశీలించాలని అధికారులకు అర్జీ కూడా తయారు చేసింది. నిధులిచ్చిన సంస్థ ఆ నివేదిక చూసి ప్రాజెక్టును అక్కడితో ఆపేసింది.

"అర్జీ పంపే ముందు మా ఈధిలో సదివి ఇనిపించండి" అంది కూర్మమ్మ.

ఆదివారం ప్రిస్కిల్లా వెళ్లి చదివింది. ఆడవాళ్లు రెండు చోట్ల మాటలు మార్పించి సంతకాలు పెట్టారు. తవిటమ్మ మాత్రం కాగితం లాక్కుని కూర్మమ్మ చేత మొదటినుంచీ ఇంకోసారి చదివించుకున్నాకే వేలిముద్ర వేసింది.