రాహేలమ్మ నీళ్ల వంతు

ఓవర్సీరు గుర్రం దిగను కూడా దిగలేదు. మైదుకూరు వైపు పోతూ పోతూ కాలువలోకి ఓ చూపు విసిరి, ‘ఫ్లో స్లగ్గిష్’ అని ఒక ఇంగ్లీషు ముక్క పారేసి వెళ్లాడు. ఆ ముక్క పట్టుకుని మగవాళ్లు పొద్దున్నుంచీ గట్టు దిగలేదు.

రాహేలమ్మకు ఒళ్లు మండిపోతోంది. ఇవాళ నీళ్ల వంతు ఆమెది. పొద్దు గుంకితే వంతు మాబాషా మడికి మారుతుంది. ఆమె వరి పొట్ట మీద ఉంది. ఈ తడి తప్పిందా, వెన్నంతా తాలే. కాలువలో చూస్తే సన్నటి ధార, అదీ రానా వద్దా అన్నట్టు వస్తోంది.

“స్లగ్గిష్ అంటే మందకొడి,” అన్నాడు మిషన్ బడి అయివారు సుందరం. “సోమరి అని కూడా చెప్పొచ్చు. నీళ్లకూ వాడతారు, మనుషులకూ వాడతారు.”

“మా ఆయనకు సరిగ్గా సరిపోతాది,” అంది రాహేలమ్మ. ఆమె మొగుడు లాజరు విననట్టు చుట్ట వెలిగించుకున్నాడు.

మాబాషా గొంతు సవరించుకున్నాడు. జర్మనీ యుద్ధంలో కంచరగాడిదలు తోలడానికి పోయి, తుర్కీవాళ్ల చెరలో పడి తిరిగొచ్చిన మనిషి. సందు దొరికితే చాలు, ఆ దేశం కబుర్లు ఎత్తుకుంటాడు. “తుర్కీలో దీన్ని యవాష్ అంటారప్పా. అసలు కదలకుండా నిలబడిపోతే దుర్గున్.”

“మన నీళ్లు కదుల్తాండాయి కదా బాషా? దుర్గున్ ఎట్లయితాది?”

“అందుకే యవాష్ అంటాండా అయివారూ!”

“మీ నోళ్లు పడిపోను!” అని అరిచింది రాహేలమ్మ. “నా మడి ఎండిపోతాంటే అర్థాలు చెప్పుకుంటాండారా? అర్థాలతో పైరు తడుస్తాదా?”

ఎవరూ లేవలేదు. పార భుజాన వేసుకుని తనే కాలువ వెంట పైకి నడిచింది. ఓవర్సీరునీ, అయివారినీ, తుర్కీ దేశాన్నీ, మొగుణ్నీ వరసపెట్టి తిడుతూనే ఉంది. ఈతచెట్ల మలుపు తిరిగి ఠక్కున ఆగింది.

కాలువకు అడ్డంగా రాళ్ల కట్ట. సందుల్లో బంకమట్టి, దాని మీద ఒక చాప. కట్ట అవతల నడుం లోతు మడుగు. మిగిలిన నీళ్లన్నీ గండి కొట్టుకుని పక్క వంకలోకి పోతున్నాయి.

“ఏ పాపిష్టి ముండాకొడుకు...” అని మొదలుపెట్టి మధ్యలోనే నోరు మూసుకుంది. ఆ చాప తన ఇంటిదే.

మొన్న ఆదివారం లాజరు బాప్తిస్మం జరిగింది. తను ఏళ్ల తరబడి పోరితే ఒప్పుకున్నాడు. మనిషి నిండా మునగాలి, మోకాటి నీళ్లు చాలవన్నారు పాస్టరు. “కట్ట వేయండప్పా!” అని కేకేసింది తనే. మొదటి రాయి తెచ్చి పెట్టిందీ తనే. తర్వాత పాటలు, భోజనాలు, సంబరం. కట్ట తీయాలని ఒక్కరికీ గుర్తులేదు, తనకు కూడా.

రాళ్లు పీకసాగింది. గోళ్లు విరిగాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎర్రటి పొద్దు కొండ మీద ఆనింది. ఇప్పుడు తిట్టడానికి తాను తప్ప ఎవరూ లేరు. ఆ సంగతే ఆమెకు ఎక్కువ కడుపుమంట.

“యవాష్, రాహేలక్కా, యవాష్.” వెనక మాబాషా.

“ఇంకా ఆ మాటేనా?”

“ఆడ మాతో రాళ్లు మోయించినారక్కా. సాయంత్రానికి చేతులు ఆడేవి కావు. ఒక ముసలి సిపాయి మాత్రం యవాష్, యవాష్ అనేవాడు. మెల్లగా మోయండి అని. ఆ దేశంలో నాతో మంచిగా పలికిన మాట అదొక్కటే.” పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు.

ఇద్దరూ లాగితే పెద్ద రాయి కదిలింది. కట్ట తెగి నీళ్లు దబదబా కిందికి ఉరికాయి. రాహేలమ్మ పడమర చూసింది. పొద్దు గుంకిపోయింది.

“వంతు నీదయింది బాషా,” అంది.

“నీ మడి తడిసినంక నాది. ఈడ నిలబడతావేం? పో, నీ మడికి మడవ తిప్పుకోపో.”

రాహేలమ్మ పార అందుకుని గట్టు మీద పడి పరుగెత్తింది. మాబాషా వెనక నుంచి మళ్లీ యవాష్ అంటూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు.