తిరుపతయ్య మోటరులో మసి

తిరుపతయ్యతో నాకు ఇరవై రెండేళ్ల తగాదా. గట్టు తగాదా కాదు, కులం గొడవ అంతకన్నా కాదు. లీటరు పెట్రోలులో టూటీ ఆయిల్ ఎంత కలపాలన్నదే మా తగాదా.

నా పేరు ఇస్రాయేలు. కొల్లాపూర్‌లో మెకానిక్‌ని. సోమశిల రేవులో తిరిగే ఇంజన్ పడవల మోటర్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు నా షెడ్డుకు వచ్చినవే. తిరుపతయ్య పడవ వెనకాల బిగించుకున్న మోటరు జపాన్‌ది, బాగా పాతది. పెట్రోలులో నూనె కలిపి పోస్తేనే నడిచే రకం. లీటరుకు నలభై మిల్లీలు, అంతకు చుక్క ఎక్కువ వద్దు. ఈ మాట ఆయన కోసమే షెడ్డు గోడ మీద ఎర్ర పెయింటుతో రాయించాను. ఆయన మాత్రం టీగ్లాసు కొలత పెట్టుకున్నాడు. గ్లాసు నిండా పోసి, కాసేపు ఆలోచించి, ఇంకాస్త పోసేవాడు.

"మామిడికాయ తొక్కుల నూనె తేలితెనే ఏడాది ఆగుతది ఇస్రాయేలూ. తేలకుంటె బూజు వడ్తది. మోటరు గూడ గంతే," అనేవాడు.

"మోటరు తొక్కు గాదు తిరుపతన్నా."

"దుకాణంల తొక్కు కొనుక్క తినేటోనివి, నీకేం తెలుస్తది," అని నా మీద జాలి పడేవాడు. కోపగించుకునే మనిషితో పోట్లాడవచ్చు. జాలిపడేవాడితో ఏం పోట్లాడతాం?

ఎక్కువైన నూనె సరిగా కాలదు. సగం పొగై బయటికి పోతుంది, సగం మసై లోపలే పేరుకుంటుంది. అందుకే కృష్ణమ్మ మీద తిరుపతయ్య పడవ కనిపించేది కాదు, ఒక తెల్లటి పొగమబ్బు వస్తూ పోతూ ఉండేది. లోపల మసి గీకుతానని ఎన్నిసార్లు మొత్తుకున్నా మోటరు తల విప్పనియ్యలేదు. ప్లగ్గు తుడవమని తెచ్చి, తుడవగానే భుజాన వేసుకుని పోయేవాడు.

మొన్నటి మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడవలో నడుం వాల్చిన తిరుపతయ్య మళ్లీ లేవలేదు. వాళ్లలో పూడ్చిపెట్టడమే ఆచారం కనుక పూడ్చిపెట్టారు. దాని మీద ఆయనకు బతికి ఉన్నప్పుడే పెద్ద మనేద ఉండేది. చచ్చినవాళ్ల బూడిద కుండలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో సోమశిలకు వచ్చేవాళ్లను నడి ఏట్లోకి తీసుకుపోయింది ఆయనే మరి. "దునియల అందర్ని గంగల కలిపిన. నన్ను మాత్రం మట్టిల వెడ్తరు. గిదేం న్యాయం?" అని నా షెడ్డులో కూర్చుని బీడీ కాల్చేవాడు. కులపెద్దలను అడిగితే, ఆచారం మార్చితే తర్వాత ఎవరికి ఏం కోరిక పుడుతుందోనని ఒప్పుకోలేదట.

మూడో రోజున ఆయన కూతురు మల్లీశ్వరి చుట్టాలను ఒడ్డు దాటిస్తుంటే మోటరు నడి ఏట్లో ఆగిపోయింది. తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరి, మోటరును ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెచ్చింది. పక్కన తల్లి లచ్చమ్మ.

"పదకొండో దినానికి నడవాలె చిన్నాయనా," అంది మల్లీశ్వరి. "ఆ పొద్దు నాయిన పడవల్నె ఏట్లకు పోవాలె."

ఇరవై రెండేళ్ల తర్వాత ఆ మోటరు తల విప్పాను. పిస్టన్ మీద వేలి మందాన మసి. రింగులు గాడుల్లో ఇరుక్కుపోయాయి. పొగ పోయే దారి పెన్సిలు పట్టేంత మిగిలింది. కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువగా నేనే గెలిచానన్న సంబరం వచ్చింది. ఆ సంబరంలో నోరు జారాను.

"చూడు వదినా, బూడిద లేదు బూడిద లేదు అని మీ ఆయన ఏడ్చెగద. తిరుపతన్న బూడిదంత ఈడనే ఉన్నది."

నేను ఎగతాళిగా అన్నాను. లచ్చమ్మ ఆ మసిని చాలాసేపు చూసి, కొంగు తల మీదికి లాక్కుని, మోటరుకు దండం పెట్టి వెళ్లిపోయింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

వెదురు పుల్ల చెక్కి మసి గీకాను. ఇనుము తగిలితే పిస్టన్ మీద గీతలు పడతాయి. రింగుల గాడులకు విరిగిన పాత రింగు ముక్కే సరైన పనిముట్టు. రెండు రోజులు కిరసనాయిలులో నానబెట్టి, మళ్లీ గీకి, కడిగి, గీకిన మసితో సహా ఆ నల్లటి నీళ్లన్నీ షెడ్డు వెనక మోరీలో పారబోశాను. పిస్టన్ అద్దంలా మెరిసింది. దాన్ని చూసుకుని మా ఆవిడకు ఫోన్లో ఫొటో కూడా పంపాను.

పదో రోజు లచ్చమ్మ కొత్త కుండతో వచ్చింది. మూతికి పసుపు గుడ్డ.

"ఆయనను ఇయ్యి," అంది.

"ఎవర్ని వదినా?"

"మా ఆయనను. నువ్వేగద చెప్తివి ఈడ ఉన్నడని. రేపు నడి ఏట్ల కలుపుత. పెద్దమనుషులు కూడ సరే అన్నరు. మసి కలపొద్దని ఆచారంల యాడ లేదంట."

తిరుపతయ్య మోరీలో పోయాడని ఆమె ముఖం మీద ఎలా చెప్పను? జీవితమంతా ఆయన కోరింది అదొక్కటే, ఆమె చేయగలిగింది కూడా అదొక్కటే. రేపు పొద్దున ఇస్తానని కుండ తీసుకున్నాను. షెడ్డులో మా బావమరిది యేసయ్య మోపెడ్ ఉంది. దాని సైలెన్సర్ విప్పి, గోడకు కొట్టి, రాలిన మసిని కుండలో నింపి గుడ్డ కట్టాను. మసికి ఊరూ పేరూ ఉంటాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పదకొండో రోజు అందరం సోమశిల రేవులో ఉన్నాం. కర్మ చేయించే జంగమయ్య కుండను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన సర్వీసులో ఇలాంటి కేసు లేదు.

"పేరు తిరుపతయ్య, సరే. ఇది మోటరుల కెల్లి తీసిన్రు గదా, మోటరు గోత్రం గూడ చెప్పాలెనా?" అని ఆయనే సందేహపడ్డాడు.

"జపాన్‌ది," అన్నాడు తిరుపతయ్య తమ్ముడు యాదయ్య.

జంగమయ్య జపాన్‌ను కూడా కలిపి మంత్రం చదివాడు. మల్లీశ్వరి తాడు ఒక్కసారి లాగింది, మోటరు అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు, మెత్తటి చప్పుడు. లీటరుకు నలభై మిల్లీలు నా చేత్తో కొలిచి పోశాను మరి. నడి ఏట్లో లచ్చమ్మ కుండ వంచింది. నల్లటి మసి నీళ్ల మీద కాసేపు తేలి కలిసిపోయింది. ఆమె ఏడుస్తుంటే నేను నీళ్లకేసి చూడలేకపోయాను.

ఒడ్డుకు వచ్చి పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడాలి. కాకి వచ్చి ముడితే ఆయన తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అన్నం, వేయించిన చేప, కల్లు, టీ, బీడీ కట్ట అన్నీ అమర్చారు. కాకి ఒకటి వచ్చి బండ మీద వాలింది. విస్తరిని చూసింది, మమ్మల్ని చూసింది. ముట్టలేదు.

అరగంట గడిచింది. ఇక ఒక్కొక్కరు ముందుకు వచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

"నాయినా, పడవ అమ్మ. నేనే నడుపుత," అంది మల్లీశ్వరి. కాకి మెడ గోక్కుంది.

"అన్నా, నీ టార్చిలైటు నా కాడనే ఉన్నది. లేదని అబద్ధం చెప్పిన. ఇయ్యాల్నే మీ ఇంట్ల ఇస్త," అన్నాడు యాదయ్య. లచ్చమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. కాకి మాత్రం కదల్లేదు.

టీలో చక్కెర తక్కువైందేమోనని జంగమయ్య ఇంకో చెంచా వేసి వచ్చాడు. విస్తరిని దక్షిణానికి తిప్పారు. గంట దాటింది. లచ్చమ్మ ఎండలో అలాగే నిలబడి ఉంది. "ఏం జేస్తె పోతవయ్యా, నాకు తెల్వకపాయె," అని మెల్లగా అంటోంది. ఆయన మనసు తెలియకుండానే ఇన్నేళ్లు కాపురం చేశానా అని ఆ మనిషి కుమిలిపోతోంది. తప్పు నాది, శిక్ష ఆమెకు. నేను చర్చికి పోయేవాణ్ని, మాకూ దేవుడికీ మధ్య కాకి లేదు. అయినా నా చొక్కా చెమటతో తడిసిపోయింది.

"వదినా," అన్నాను. "ఆ కుండలది తిరుపతన్న కాదు."

ఉన్నదంతా చెప్పాను, మోరీతో సహా. కొడతారనుకున్నాను. లచ్చమ్మ మాత్రం నిదానంగా అడిగింది.

"మోపెడు ఎవలది?"

"మా బావమరిది యేసయ్యది. వనపర్తిల ఉంటడు."

"బతికే ఉన్నడా?"

"ఉన్నడు వదినా."

"అయితే బతికున్నోనికి దినాలు చేస్తిమా?"

జంగమయ్య ముఖం పాలిపోయింది. వెంటనే ఫోన్ చేయమన్నాడు. స్పీకరులో పెట్టి చేశాను.

"బావా, మంచిగున్నవా?"

"మంచిగనే ఉన్న. తింటున్న."

"ఏం తింటున్నవ్?"

"శాపలు. పక్కింటోళ్లు పంపిన్రు. ఏమో, ఇయ్యాల పొద్దుగాల్నుంచి అందరు ఏదో ఒకటి పెడ్తనే ఉన్నరు. ఇంతకుముందే కల్లు గూడ వచ్చె."

ఫోన్ పెట్టేశాను. జంగమయ్య విస్తరిని చూసి తల ఊపాడు. "ముట్టింది. మనోనికి గాదు, ఆయనకు ముట్టింది," అన్నాడు.

నిజం చెప్పినా కాకి దిగలేదు. అదే బండ మీద, అదే చూపు. యాదయ్య తన దగ్గరున్న తిరుపతయ్య గొడుగు సంగతి కూడా ఒప్పుకున్నాడు, అయినా లాభం లేకపోయింది.

లచ్చమ్మ అలసిపోయి నేల మీద కూలబడింది. కృష్ణ వైపు చూస్తూ ఎవరితోనో అన్నట్టు అంది. "పొద్దుగాల బిడ్డ పడవను రేవుకు తెస్తదని చూసిన. పొగ లేకపాయె. ఇరవై రెండేండ్లు ఇంటికాడికెల్లి ఆ పొగనే చూసిన. ఆ మలుపు కాడ తెల్లగ లేస్తె, ఆయన వస్తుండని పొయ్యి మీద ఎసరు వెడుదు. ఆయన ఇంట్లకు వచ్చేటాళ్లకు అన్నం ఉడికేది. ఫోన్లు వచ్చినంక గూడ ఒక్కనాడు ఫోన్ చెయ్యలే. ఇయ్యాల పడవొచ్చిందో రాలేదో నాకు తెల్వనే తెల్వలే."

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. కాకి కూడా తిరిగిందని తర్వాత యాదయ్య ఊరంతా చెప్పుకున్నాడు. అది నేను ఒప్పుకోను.

"నూనె ఎక్కువైతె రింగులు పట్టుకుంటయి," అన్నాను. "మల్ల మసి కడ్తది. మల్ల నడి ఏట్ల ఆగుతది."

"తెడ్లున్నయి చిన్నాయనా," అంది మల్లీశ్వరి.

"లీటరుకు నలభై మిల్లీలు. గోడ మీద రాసి పెట్టిన."

లచ్చమ్మ నన్ను బతిమాలలేదు, తిట్టలేదు, కన్నీళ్లు తుడుచుకుని చూస్తూ ఉంది. ఇరవై రెండేళ్లు నేను గెలవాలనుకున్నది ఈ మనిషి అన్నం ఎసరు మీదనా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

బండ దగ్గరికి నడిచాను. చెప్పులు విడిచాను, ఎందుకో తెలియదు. పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారోనని ఒకసారి వెనక్కి చూశాను.

"తిరుపతన్నా," అన్నాను కాకితో. "నీ గ్లాసుతోనే పోస్తరు. గ్లాసు నిండ. మీదికెల్లి ఇంకింత. నేను ఏమనను. గోడ మీది రాత గూడ తుడుస్త."

కాకి రెండు గెంతులు వేసి విస్తరి దగ్గరికి వచ్చింది. చేప నోట కరుచుకుంది. వెనకాల లచ్చమ్మ ఒక్కసారిగా ఏడ్చింది, ఆ ఏడుపులో బరువు దిగిన చప్పుడు ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. ఓడిపోయినందుకు ఏడుపు వస్తోందో, ఆయన లేనందుకు వస్తోందో నాకు తెలియలేదు.

ఇప్పుడు సోమశిలలో ఆ తెల్లటి పొగమబ్బు మళ్లీ తిరుగుతోంది. మలుపు దగ్గర పొగ లేవగానే లచ్చమ్మ కూతురి కోసం ఎసరు పెడుతుంది. ఎర్ర పెయింటు మీద సున్నం కొట్టించాను. మల్లీశ్వరి టీగ్లాసుతో నూనె పోస్తున్నప్పుడు నేను అటు తిరిగి నిలబడతాను.

నాలుగైదేళ్లకు ఆ మోటరు మళ్లీ నా షెడ్డుకు రాక తప్పదు. అందుకే పైఅటకలో ఒక ఖాళీ డబ్బా కడిగి ఆరబెట్టి పెట్టాను. వేరే ఏ బండి మసీ అందులో పడకుండా మూత బిగించి, తిరుపతన్న అని పేరు రాశాను.