పిండికట్టులో తోలుబిళ్ల

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది పిల్లితో కలిపి ఆరుగురు. ముందుగదిలో పడక్కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోతున్న తాతయ్య. ఆ గుర్రుకి తాళం వేస్తున్నట్టు తల ఊపుతూ బఠాణీలు ఒలుస్తున్న నానమ్మ. వెనక గదిలో కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఎవరిదో కోటు చేతులతో కుస్తీ పడుతున్న అత్త. కుడికాలికి మోకాలిదాకా పిండికట్టుతో మంచమెక్కిన బాబాయి. ఆయన పని గోడలకి రంగులేయడం. నిచ్చెన మీంచి జారిపడ్డాక మూడు వారాలుగా మూలగడమే పనిగా పెట్టుకున్నాడు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని, ఎవరూ పొమ్మనని పిల్లి. చివరగా బుల్లి. పదిహేనేళ్లది. ఏం అడిగినా "ఊఁ" అనడం తప్ప కాదనడం చేతకాని పిల్ల. ఆ ఊఁ వల్లే ఒకసారి స్కూల్లో పరుగుపందెంలో మూడు జట్లకీ పేరిచ్చి వచ్చింది.

వీళ్లు కాక ఇంట్లో ఇంకొకటి ఉంది. దాన్ని లెక్కలో వేయకపోతే తాతయ్య నొచ్చుకుంటాడు. అది బల్ల మీద బంతుల్ని పొడిచి మూల సంచుల్లో పడేసే పూల్ ఆటకి ఆయన వాడే క్యూ. నలభై రెండేళ్ల క్రితం ఆర్డరిచ్చి చేయించుకున్నది. దాన్ని చేసినాయన తాతయ్యని స్టూలు మీద కూర్చోబెట్టి, మోచేతినుంచి వేలి చివరిదాకా కొలిచి, తడిమట్టి ముద్దని గుప్పిట్లో నొక్కించి, ఆ గుంటల్ని చూసి మరీ పిడి చెక్కాడట. తాతయ్య పొట్టి కాబట్టి క్యూ కూడా పొట్టి. నల్లటి కలప, మధ్యలో తెల్లటి ఉంగరం, మరతో బిగించే రెండు ముక్కలు, కొసన బంతిని కొట్టడానికి చిన్న తోలుబిళ్ల. మఖమల్ పరిచిన పెట్టెలో నిద్రపోతుంది. పొద్దున్న లేవగానే ఆయన నానమ్మకంటే ముందు దాన్నే పలకరిస్తాడు. దాన్ని ఎవరైనా కర్ర అంటే, "కర్ర మీద బట్టలారేస్తారు. ఇది క్యూ" అంటాడు. ఆ వెంటనే, "నలభై రెండేళ్లు! ఒక్క పేడు కూడా మారలేదు" అంటాడు.

ఆవేళ నాలుగింటికి పళ్లడాక్టరుతో ఆట. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులే, కానీ ఎప్పుడో ఒక ఆటలో తాతయ్య చివరి నల్లబంతి పడేసి గెలిచాడు. వీధిలో లారీ వెళ్లి బల్ల అదరబట్టే పడిందని డాక్టరు ఇప్పటికీ అంటాడు. ఇవాళ ఓడినవాడు రేపు మంగలిషాపులో నలుగురి ముందూ నిలబడి అవతలివాడి మాటే నిజమని ఒప్పుకోవాలి. లారీ గెలిపించిందని చెప్పడంకంటే తాతయ్యకి తల గొరిగించుకోవడం నయం.

రెండింటికి బాబాయి పిలిచాడు.

"బుల్లీ! చచ్చిపోతున్నానే."

"ఊఁ."

"ఊఁ ఏంటే? కట్టులోపల చీలమండ దగ్గర ఒకటే దురద. సన్నగా పొడుగ్గా ఏదన్నా పట్రా."

"అత్త అల్లికసూది?"

"అది... కనపడట్లేదులే. నాన్న క్యూ ఉంది కదా, దాని పైముక్క తెచ్చెయ్."

"అమ్మో!"

"ఆయన లేచేలోపు పెట్టేద్దువుగాని. సొంత బాబాయి మీద జాలి లేదుటే?"

బుల్లి చెప్పాల్సింది వద్దని. నోట్లోంచి వచ్చింది ఊఁ.

మూడు వారాల్లో కాలు చిక్కి కట్టు వదులైంది కాబట్టి క్యూ సులువుగానే దిగింది. బాబాయి కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని, స్వర్గం గుమ్మందాకా వెళ్లొచ్చాడు. తీరా బయటికి లాగితే కొస బోడిగా ఉంది. తోలుబిళ్ల లేదు.

ఇద్దరూ కొసని చూశారు. తరవాత కట్టుని చూశారు.

"కట్టు ఎప్పుడు విప్పుతారు బాబాయ్?"

"ఇంకో మూడు వారాలకి."

క్యూ బాగాలేని రోజు తాను ఆడనని తాతయ్య వెయ్యిసార్లు అన్నాడు. ఆడకపోతే ఓడినట్టే. ఓడితే మంగలిషాపు, నలుగురు, లారీ. అంతా తన ఊఁ వల్ల.

అత్త వచ్చింది. నానమ్మ బఠాణీల గిన్నెతో సహా వచ్చింది. ఇద్దరూ తిట్లన్నీ గుసగుసల్లోనే తిట్టారు. తరవాత బాబాయిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు గోడకి ఆనించి పైకెత్తి, తలగడ దులిపినట్టు దులిపారు.

"అక్కా, మెల్లిగా! అది కాలే!"

ముందు ఒక పెన్ను మూత రాలింది. తరవాత చెంచా. ఆ తరవాత అల్లికసూది.

"ఒరేయ్!" అంది అత్త. "వారంరోజులుగా ఇల్లంతా వెతికానురా దీనికోసం! ఇది కాలా, పోస్టు డబ్బానా?"

ఇంకోసారి దులిపితే ఒక బఠాణీ గింజ దొర్లుకుంటూ వచ్చింది.

"బఠాణీ లోపలికెలా వెళ్లిందిరా?" అంది నానమ్మ.

"కాలికి ఆకలేసిందేమో. నన్నడుగుతావేంటమ్మా?"

తోలుబిళ్ల మాత్రం రాలేదు. పిల్లి బఠాణీని వాసన చూసి, కాలిని వాసన చూసి, గదిలోంచి వెళ్లిపోయింది.

అప్పుడు అత్త తన పాత గోధుమరంగు తోలు చేతిసంచీ తెచ్చింది. గుండీలకి చిల్లులు కొట్టే గొట్టం సంచీ అడుగున పెట్టి సుత్తితో ఒక్కటేసింది. గుండ్రటి తోలుబిళ్ల ఊడిపడింది. బాబాయి గోడలకి వాడే గరుకుకాగితంతో అత్తే దాన్ని రుద్ది, కొసకి జిగురు రాసి అంటించి, దారంతో బిగించింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

"నీకు ఇదంతా ఎలా వచ్చత్తా?" అంది బుల్లి.

"సంచీ చూడు."

సంచీ అడుగున ఇంకో మూడు గుండ్రటి చిల్లులున్నాయి. అది ఫ్యాషనేమో అని ఇన్నాళ్లూ అనుకుంది బుల్లి.

"మొదటిది నాదే" అంది నానమ్మ, గిన్నెలోకి చూస్తూ. "సాలెగూళ్లు దులుపుతుంటే ఊడింది. రెండోది మీ బాబాయి. చిన్నప్పుడు దాంతో కత్తియుద్ధం చేశాడు."

"మరి మూడోది?"

"ఎవరూ ఒప్పుకోలేదు" అంది అత్త. "పొద్దున్నే పెట్టె తెరిచి చూస్తే బోడిగా ఉంది. చివరికి పిల్లి మీద వేశాం."

మూడున్నరకి తాతయ్య లేచి, మొహం కడుక్కుని, పెట్టె తెరిచాడు. దారం అప్పటికే తీసేశారు. ఆయన పైముక్కని భోజనాలబల్ల మీద దొర్లించి, గడ్డం బల్లకి ఆనించి, వంకరేమైనా ఉందా అని చూశాడు. లేదు. తోలు మీద బొటనవేలితో నొక్కాడు. తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏదో వాసనొస్తోందే?"

"నా కాలు నాన్నా!" అని లోపల్నుంచి అరిచాడు బాబాయి. "మూడు వారాలైంది కదా!"

తాతయ్య తల పంకించాడు. "నలభై రెండేళ్లు" అన్నాడు గర్వంగా. "అదే తోలు."

నానమ్మ ఒలిచిన బఠాణీలనే మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది.

"బుల్లీ, పెట్టె పట్టుకుని రా" అన్నాడు తాతయ్య.

"ఊఁ" అంది బుల్లి.

దారి పొడుగునా పెట్టె బరువుగా తోచింది. చెబితే తాతయ్య ఆడడు, ఓడతాడు. చెప్పకపోతే సగం ఆటలో జిగురు ఊడుతుంది, అప్పుడూ ఓడతాడు, పైగా పళ్లడాక్టరు ముందు. ఎటూ ఓటమే అయితే, నలుగురి ముందూ కంటే తన నోటిమీదుగా తెలియడమే నయమనుకుంది. మూడు మాటలు కూడబలుక్కుని, వాటినే లోపల అప్పజెప్పుకుంటూ నడిచింది.

పళ్లడాక్టరు ఆస్పత్రిలో ఆదివారం రోగులు లేరు. గోడల మీద పుచ్చిపళ్ల బొమ్మలు దాటి వెళితే వెనక గది, అందులో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల. డాక్టరు తన క్యూ కొసకి సుద్ద రుద్దుకుంటున్నాడు.

"వచ్చావా? లారీ ఏదిరా?"

"నీ నోట్లో ఉంది, పీకి చూసుకో" అంటూ తాతయ్య రెండు ముక్కలూ బిగించాడు. చెయ్యి సరిచూసుకోవడానికి ఒక బంతిని కొట్టాడు. టక్కుమని శబ్దం. బంతి మూల సంచిలో పడింది.

బుల్లి గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. కూడబలుక్కున్నవాటిలో రెండు మాటలే నోట్లోంచి ఊడిపడ్డాయి.

"తాతయ్యా, ఆ తోలు..."

తాతయ్య గుమ్మందాకా వచ్చాడు. డాక్టరుకి వినబడకుండా వంగి, "అత్త సంచీయేనా?" అన్నాడు.

బుల్లి నోరు తెరుచుకుంది. "ఊఁ."

"ఎన్నో చిల్లు?"

"నా... నాలుగోది."

"హమ్మయ్య. ఆ మూడోది మొదట్నుంచీ గట్టిగా ఉండేది, బంతికి ఆనేది కాదు."

"మూడోది పిల్లి చేసిందట తాతయ్యా."

తాతయ్య వెనక్కి చూసి గొంతు ఇంకా తగ్గించాడు.

"ఆ రోజు నా వీపు మధ్యలో దురద పుట్టిందే. చెయ్యి అందలేదు. ఇంటికెళ్లి చెప్పావంటే చూడు. నాకు తెలీదనుకునే వాళ్లింత బాగా అంటిస్తున్నారు."

అని తలుపు మూసేశాడు.