పొడుగాయన మూడో రౌండు

బాక్సింగ్ నేర్పే మాస్టారికి ఇప్పటి బాక్సర్లంటే ఒళ్ళుమంట. "చేతులు రెండూ చెంపలకి అంటించుకుని తిరుగుతారు, పన్నునొప్పి వచ్చినట్టు! ఒక గుద్దు గుద్దడం, నాలుగడుగులు వెనక్కి పారిపోవడం. దీన్నీ బాక్సింగ్ అంటారా?" అని, వినేవాళ్ళు దొరికితే చాలు మొదలుపెట్టేవారు. ఆయన దృష్టిలో బాక్సరంటే ఒక్కడే, పొడుగాయన. మాటల్లేని సినిమాల కాలం నాటి ఛాంపియన్. చేతులు నడుం దగ్గర వేలాడేసి, మొహం ఎదురుగా పెట్టి, గుద్దు తగలబోయే క్షణంలో వెంట్రుకవాసి వెనక్కి వాలేవాడు. ఆయన ఆడిన ఒక పోటీని పాత రీలు మీంచి డిస్కుకి ఎక్కించి దాచుకున్నారు మాస్టారు. అది చూసి చూసి, అక్క కొడుకుని అచ్చం అలాగే తయారు చేశారు.

తయారు చేశారంటే ఏం చెప్పమంటారు, తొమ్మిదేళ్ళు ప్రాణాలు తోడేశారు. డిస్కు పెట్టడం, పక్కన మేనల్లుణ్ణి నిలబెట్టడం, "నత్తలా ఏంట్రా అది? ఆయనైతే ఈపాటికి రెండుసార్లు వాలి లేచేవాడు!" అని అరవడం. చివరికి వాడి పేరే నత్త అయిపోయింది. "వాడి చేతులు కాస్త పైకి పెట్టించరా తమ్ముడూ," అని అక్క మొత్తుకుంటే, "నీకేం తెలుసు, ఊరుకో," అనేవారు.

పోయిన వారం పోటీలో మేనల్లుడు వాలాడు. వాలడం అచ్చం పొడుగాయనలాగే ఉంది, కాకపోతే గుద్దు ముందే వచ్చేసింది. ఒకటా రెండా, ఒకే కంటి మీద పదకొండు. కంటి వెనక పొర ఊడిందన్నారు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ, "ఆ కంటికి వెలుతురు తెలిస్తే గొప్ప. ఇంక రింగ్ మాట మర్చిపోండి," అనేసింది.

ఇప్పుడు వాడు ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఆ పొర అతుక్కోవాలంటే పది రోజులు తల ఎత్తకూడదట. మధ్యాహ్నం అన్నం తిన్నాక దిండులోంచే అడిగాడు.

"మామయ్యా, పొడుగాయన మూడో రౌండు పెట్టు. ఏం జరుగుతోందో చెప్తూ ఉండు. టైం కూడా చెప్పు, రింగ్ పక్కన చెప్పినట్టు."

"ఇప్పుడెందుకురా అది?"

"నేనెక్కడ పొరపాటు చేశానో తెలియాలి కదా."

కాదనలేక పెట్టారు. మెడలో వేలాడుతున్న స్టాప్‌వాచీ నొక్కారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వాచీ ఎందరి వేగమో కొలిచింది, ఈ సినిమాని మాత్రం ఎప్పుడూ కొలవలేదు. దేవుణ్ణి ఎవడైనా కొలుస్తాడా?

"వాలాడు... తప్పించుకున్నాడు... ముప్ఫై సెకన్లు... ఎడమచేత్తో ఒకటిచ్చాడు... నిమిషం..." ఆ కాసేపూ ఆయనకి ఆసుపత్రి సంగతే గుర్తు రాలేదు. తెర మీద ఇద్దరూ వెళ్ళి స్టూళ్ళ మీద కూలబడ్డారు. రౌండు అయిపోయింది.

రౌండంటే మూడు నిమిషాలు. వాచీలో రెండు నిమిషాల పదిహేను సెకన్లే ఉంది.

పాడు వాచీ, అనుకున్నారు. మళ్ళీ మొదట్నుంచి పెట్టి గోడ గడియారం చూశారు. అంతే వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది, డిస్కు చేసినవాడు అన్న మాట. "చేత్తో నెమ్మదిగా తిప్పిన కెమెరా మాస్టారూ, ఇప్పటి మిషన్‌లో బొమ్మ జోరుగా తిరిగి మనుషులు పరిగెడతారు." ఆ ఆ, అనేసి డిస్కు లాక్కుని వచ్చేశారు ఆ రోజు. ఇప్పుడు చూస్తే రిఫరీ కూడా కుక్క తరుముతున్నట్టు నడుస్తున్నాడు. మూలన తువ్వాలుతో విసిరేవాడు ఈగల్ని తోలుతున్నట్టున్నాడు. అందరూ పరుగే. ఇన్నేళ్ళూ పొడుగాయన ఒక్కణ్ణే చూశారు. లోకంలో ఏ మనిషికీ లేని వేగం కోసం పసివాణ్ణి తొమ్మిదేళ్ళు తిట్టారు. అయ్యో, అయ్యో!

"మామయ్యా, ఆగిపోయావేం? టైం ఎంత?"

చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. నోరు తెరిచారు.

"మూడు నిమిషాలు," అన్నారు.

"అనుకున్నాలే." దిండులో గొంతు సన్నగా పలికింది. "ఆయన పద్ధతిలో తప్పేం లేదు మామయ్యా. నువ్వు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నావు. నేనే నత్తని."

మాస్టారు స్టాప్‌వాచీని సున్నాకి నొక్కేశారు.